ముందు చెరువు, తర్వాతే కర్ర

మా రహమత్ నగర్ సందుల్లోకి ఈ మధ్య పొడవాటి అట్టగొట్టాలు తెగ వస్తున్నాయి. ఫిల్మ్ నగర్‌లో ఎడిటింగ్, గ్రాఫిక్స్ పనులు చేసుకునే కుర్రాళ్ళు అద్దెకుండే మేడల మీదికి కొరియర్ వాళ్ళు మోసుకొస్తారు. విప్పితే ఏడడుగుల కార్బన్ కర్ర, ఒక పెట్టెలో రీలు, ఇంకో పెట్టెలో రంగురంగుల రబ్బరు కప్పలు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. "ఏ చెరువుకురా, ఏ చేపకు?" అని అడిగితే మాత్రం, "అదింకా అనుకోలేదు తాతా, ఆఫర్ ఉందని ముందు రాడ్ కొనేశాం" అంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

మా రోజుల్లో కర్ర అన్నిటికన్నా ఆఖరున వచ్చేది. ముందు చెరువును చూసేవాళ్ళం. కట్ట మీద నడుస్తూ తూము ఎక్కడుంది, మత్తడి ఎక్కడుంది, తుంగ ఎంతవరకు పెరిగింది, తామరాకుల మధ్య నీళ్ళు ఎక్కడ కనపడుతున్నాయి అని చూసుకునేవాళ్ళం. తెల్లారగట్ల బుడగలు సన్నగా, గుంపుగా లేస్తున్నాయంటే కింద బంగారు తీగో మోసో మట్టి కెలుకుతున్నట్టు. తుంగ అంచున చిన్న చేపలు ఒక్కసారిగా చెదిరాయంటే వాటి వెనక ఎవరో ఉన్నట్టు. గుబుక్కుమని ఒక్క చప్పుడై నీళ్ళు మళ్ళీ సద్దుమణిగాయంటే కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుని పోయినట్టు. ఇంత తెలిశాక కదా, ఎంత పొడుగు కర్ర, ఎంత లావు దారం, ఏ ఎర అన్న మాట!

కర్ర అంటే వెదురే. అందులోనూ గుల్ల బొంగు పనికిరాదు. లోపల నిండుగా ఉండే సాధనపు వెదురు కావాలి. కణుపులు దగ్గరదగ్గరగా ఉండి, మొదట్లో లావుగా, కొసకు వెళ్ళేకొద్దీ సన్నగా దిగేదాన్ని ఏరుకోవాలి. చలికాలంలో కొట్టిన వెదురైతే పురుగు అంత తొందరగా పట్టదు. నీడన ఆరబెట్టి, వంకరున్న చోట నిప్పుసెగకు కాచి, మోకాలికి ఆనించి సరిచేసి, ఆముదం పట్టించేవాళ్ళు. మెదక్ వైపు మా ఊళ్ళో మేదరి మామ ఒకాయన ఉండేవాడు. కర్ర కావాలని వెళితే పైసల సంగతి ఎత్తేవాడే కాదు. "చేప పేరు చెప్పు, కర్ర నేను చెప్తా" అనేవాడు. జెల్లలకు, పరకలకు అయితే ఐదారు మూరల సన్నకర్ర. కొర్రమీను అంటే ఎనిమిది మూరల గట్టికర్ర తీసిచ్చేవాడు.

ఆ ఎనిమిది మూరలూ ఊరికే కాదు. కొర్రమీను ఒడ్డున తిరిగే చేప కాదాయె. తుంగ వెనకాల, తామరాకు కింద మాటు వేసి కూర్చుంటుంది. కర్ర కొస తుంగను దాటి అవతలి నీళ్ళ మీదికి వెళ్ళాలి. అక్కడ ఆకుల సందులో కప్పను నీటికి తగిలీ తగలనట్టు ఆడించాలి. దారం కర్రంత పొడుగు కూడా ఉంచేవాళ్ళం కాదు. రీలు లేదు కాబట్టి చేప పట్టాక దాన్ని ఆడించి అలసిపోనిచ్చే వీల్లేదు. పట్టిన మరుక్షణం పైకెత్తి ఒడ్డుకు వేసెయ్యాలి, ఒక్క క్షణం తాత్సారం చేస్తే తుంగ వేళ్ళకు దారం చుట్టేసి తెంపుకుపోతుంది. అందుకే కొస కాస్త వంగాలి గానీ మొదలు అస్సలు వంగకూడదు. ఇవాళ డబ్బా మీద "ఫాస్ట్ యాక్షన్, మీడియం హెవీ" అని అచ్చువేసి అమ్మే గుణం అదే. మా మేదరి మామ దాన్ని చేత్తో ఊపి చూసి చెప్పేవాడు.

దారం సంగతికొస్తే, మా నాయన జనపనార పేని, చింతగింజ గంజి పట్టించి వాడేవాడు. నాకు ఊహ తెలిసేసరికి నైలాన్ వచ్చింది, టంగూస్ అనేవాళ్ళం. బెండుకు జీలుగు ముక్కో, నెమలీక కాడో. నెమలీక కాడ నీళ్ళలో నిటారుగా నిలబడుతుంది, పరక మూతి తగిలినా చెప్పేస్తుంది. గాలాలకు మాత్రం అప్పుడే నార్వే మస్టాడ్ అంటే పేరు. ఎర చేపను బట్టి మారేది. జెల్లలకు, మార్పులకు వానపాము. రవ్వకు, బొచ్చెకు తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్ద. వాలుగకైతే చిన్న చేప.

ముసలాళ్ళ చాదస్తం అనుకునేవాళ్ళకు ఒక మాట చెప్పాలి. మన ప్రాంతాన్ని కూడా ఏలిన కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాసిన మానసోల్లాసంలో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎలాంటి నీళ్ళలో ఉంటుంది, దేనికి ఏ మేత, గాలం ఎలా వేయాలి అన్నది రాజుగారు కూర్చుని రాశారు. తర్వాత మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సల్లివన్ థామస్ అనే దొర 1873లో 'ది రాడ్ ఇన్ ఇండియా' రాశాడు. అది చాలక 1887లో అచ్చంగా మన చెరువుల్లో గాలం వేయడం గురించే 'ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా' అని ఇంకో పుస్తకం రాశాడు. రాజుకూ దొరకూ కూడా చెరువు తెలియకుండా పని జరగలేదు.

కొత్త సామాన్లన్నీ చెడ్డవని నేననను. అల్లిన దారం, అదే బ్రెయిడ్ అంటున్నారే, అది నిజంగా మంచి వస్తువు. టంగూస్ రబ్బరులా సాగుతుంది. ముప్పై గజాల దూరాన చేప పట్టినప్పుడు మనం లాగిన లాగుడులో సగం ఆ సాగుడుకే పోతుంది, గాలం లోపలికి దిగదు. బ్రెయిడ్ సాగదు. నలభై, యాభై పౌన్లు ఓర్చేదైనా సన్నగా ఉంటుంది, గుర్రపుడెక్క కాడల్ని కోసుకుంటూ వచ్చేస్తుంది. రబ్బరు కప్ప కూడా మంచిదే. రెండు గాలాలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి కాబట్టి ఆకుల మీద పాకించినా చిక్కుకోదు. చేప నోట్లో నొక్కుకున్నప్పుడే గాలం మొనలు బయటపడతాయి. బతికిన కప్పల జోలికి పోవాల్సిన పని తప్పింది, అది ఇంకా మేలు. కప్పలు తగ్గి పొలాల్లో పురుగు పెరుగుతోందనే కదా 1987లో కప్పకాళ్ళ ఎగుమతిని దేశం మానేసింది.

అయితే ఆ మంచి వస్తువును దేనికి వాడాలో తెలియాలి. మా సందులో కుర్రాళ్ళు ఒకే కర్రతో అన్ని చేపలూ పట్టేయాలని చూస్తారు. కొర్రమీను నోరు గట్టిది. రబ్బరు కప్ప నొక్కుకుని గాలం ఆ గట్టి నోట్లో దిగాలంటే ఆరున్నర, ఏడడుగుల బిగువైన కర్ర, బ్రెయిడ్ దారం, గబగబా చుట్టే బెయిట్‌కాస్టర్ రీలు కావాలి. కప్ప మీద నీళ్ళు ఎగిరిన వెంటనే లాగకూడదు. దారం బిగిసి బరువు చేతికి తెలిసే దాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు ఒక్క గుంజు గుంజాలి. అదే కర్రతో రవ్వకు వేస్తే ఏమవుతుంది? రవ్వ పెదవి మెత్తన. ఆ బిగువుకు పెదవి చిరిగి గాలం ఊడొస్తుంది, చేప గాయంతో పోతుంది. రవ్వకు, బొచ్చెకు నడుము దాకా వంగే మెత్తని కర్ర, పది పన్నెండు పౌన్ల మామూలు నైలాన్, గుంజినప్పుడు దారం వదిలేలా సర్దుకున్న స్పిన్నింగ్ రీలు కావాలి. ఆ సాగుడు ఇక్కడ మనకు సాయం చేస్తుంది.

ఇంకో సంగతి. గవర్నమెంటు 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా వదులుతున్న చేపపిల్లల్లో ఎక్కువ భాగం బొచ్చె, రవ్వ, బంగారు తీగ, మోసు జాతులే. అంటే ఊరి చెరువుకు పోతే నీకు తగిలేది ఎక్కువగా అవే. నువ్వు పెట్టె నిండా మోసుకెళ్ళిన కప్పల వంక అవి కన్నెత్తి కూడా చూడవు. చెరువు సంగతి ముందు కనుక్కుంటే ఆ డబ్బులన్నా మిగిలేవి.

కార్బన్ కర్ర గురించి ఏ వీడియోలోనూ గట్టిగా చెప్పని మాట ఒకటుంది. అందులో కరెంటు పారుతుంది. చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద వేలాడే తీగల కింద ఏడడుగుల కార్బన్ కర్రను తల మీదుగా ఊపి విసరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఉరుముతుంటే కర్ర కింద పడేసి దూరంగా రావాలి. మృగశిర వానలకు గాలాలు పట్టుకుని ఉరుకుతారు కాబట్టి మరీ చెప్తున్నా.

మా తమ్ముడి కొడుకు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. వాడికి అక్కడ నార్తర్న్ పైక్ అనే చేప పిచ్చి. వీడియో కాల్‌లో చూపిస్తాడు, "పెద్దనాయినా, ఇది మన కొర్రమీనుకు తమ్ముడే" అని. గుణంలో నిజంగానే తమ్ముడు. పొడవాటి ఒళ్ళు, గడ్డిలో మాటు, కదిలినదాని మీదికి బాణంలా దూకడం. కొర్రమీను వీపు మీద రెక్క మెడ దగ్గర మొదలై తోక దాకా పాకుతుంది. పైక్‌కు మాత్రం ఆ రెక్క తోక దగ్గరికి జరిగిపోయి ఉంటుంది, ఆ ఉరుకు అక్కణ్ణించే. కొర్రమీను ఎండాకాలం మోకాలిలోతు బురదలో కూడా గాలి పీల్చి బతుకుతుంది. పైక్‌కు చల్లని నీళ్ళు కావాలి, మంచు కరగ్గానే గడ్డి మునిగిన లోతులేని చోట గుడ్లు పెడుతుంది.

పళ్ళలో మాత్రం పోలికే లేదు. పైక్ నోరు సూదుల పొది. నైలాన్ అయినా బ్రెయిడ్ అయినా ఒక్క రాపిడికి తెగుతుంది. అందుకని వాళ్ళు గాలానికీ దారానికీ మధ్య జానెడో అంతకన్నా ఎక్కువో ఉక్కు తీగ కడతారు. మావాడు మొదట్లో నన్నే అడిగాడు ఏ కర్ర కొనాలని. నేను చెప్పింది మేదరి మామ చెప్పినట్టే: చేపను చూడు, చెరువును చూడు. పెద్ద రేకు చెంచాలు, బరువైన ఎరలు విసరాలి కాబట్టి కొసన మరీ సన్నమైన కర్ర పనికిరాదు. ఏడడుగులో ఇంకాస్త ఎక్కువో ఉండే మీడియం హెవీ, ముప్పై పౌన్లకు తగ్గని బ్రెయిడ్, ఉక్కు తీగ, నోట్లోంచి గాలం తీయడానికి పొడవాటి పట్టకారు. ఎరుపు తెలుపు చారల రేకు చెంచా ఒకటి అక్కడ వందేళ్ళుగా అమ్ముడుపోతోందట, డార్‌డెవిల్ అని. ఆ ఉక్కు తీగను చూసి మా సందులో ఒకడు కొర్రమీనుకు కూడా కట్టుకున్నాడు. కొర్రమీనుకు దవడ బలం ఉంది గానీ దారాన్ని కోసే పళ్ళు కావవి. తీగ బరువుకు కప్ప మూతి నీళ్ళలో మునిగి నడక పాడయింది, అంతే. ఎక్కడి చేప సామాను అక్కడిది.

వాడు చెప్పిన ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. అక్కడ లైసెన్సు లేకుండా పెద్దవాళ్ళు ఎవరూ గాలం వేయకూడదు. 2018 నుంచి పైక్ కోసం రాష్ట్రాన్ని మూడు మండలాలుగా విడదీసి, ఒక్కోదానికి ఒక్కో కట్టుబాటు పెట్టారు. నడిమి, ఉత్తరపు చెరువులున్న మండలంలో ఇరవై రెండు అంగుళాల నుంచి ఇరవై ఆరు అంగుళాల మధ్య పైక్ పడితే తిరిగి వదిలేయాల్సిందే. చిన్నవి ఎక్కువై తిండి చాలక గిడసబారిపోతున్నాయని, చిన్నవాటిని తీసి మధ్యరకాన్ని ఎదగనివ్వాలని ఆ లెక్క. చేతిలో కర్రతో పాటు కొలబద్ద కూడా ఉంటుంది వాళ్ళకు.

మనకు? కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని వారు చేప ప్రసాదంలో మింగించేది కొర్రమీను పిల్లలనే. ఆ రోజున ముషీరాబాద్ మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు. ఇంత గౌరవం ఇచ్చిన చేపకు కట్టుబాటు ఏదీ? వానాకాలంలో కొర్రమీను జంట గుడ్లు పెట్టి, ఎర్రెర్రగా గుంపుగా తిరిగే పిల్లల్ని కింద ఉండి కాచుకుంటుంది. ఆ పిల్లల గుంపు దగ్గరికి ఏది వచ్చినా తల్లో తండ్రో వెంటనే కొడుతుంది. ఈ సంగతి పట్టేసిన కొందరు వీరులు ఆ ఎర్ర గుంపును వెతికి, సరిగ్గా దాని నడుమ రబ్బరు కప్పను వేస్తున్నారు. ఆకలికి పట్టిన చేప కాదది, బిడ్డల కోసం పట్టింది. దాన్ని గుంజేసి ఫోటో దిగి సంచిలో వేసుకుంటే ఆ వందల పిల్లలు సాయంత్రానికి పరకలకూ పాములకూ మేత. మా ఊళ్ళో గంగపుత్రుల పెద్దలు పిల్లలున్న కొర్రమీను మీద గాలం వేసినవాణ్ణి కట్ట దింపేసేవాళ్ళు. ఎవడి కొడుకన్నది చూసేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆ పనికే చప్పట్లు కొట్టేవాళ్ళు వేలల్లో ఉన్నారు.

సినిమా వాళ్ళు కూడా ఈ పాపంలో తమ వంతు చేశారు. నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో మేకులు కొట్టి బతికినవాణ్ణి కాబట్టి చూసిందే చెప్తున్నా. హీరో చెరువు గట్టున కూర్చుంటాడు, కర్ర విసురుతాడు, డైలాగు అయ్యేలోపు చేప పడుతుంది. ఒక షూటింగులో స్పిన్నింగ్ రీలును కర్ర పైన బిగించి హీరో చేతికిచ్చారు. అది కర్ర కింద వేలాడాలి, పైన కూర్చునేది బెయిట్‌కాస్టర్ అని చెబితే, ఫ్రేములో అందంగా ఉంది, వదిలెయ్యమన్నారు. గంటల తరబడి కదలకుండా కూర్చుని నీళ్ళను చదవడమే ఈ పనిలో ముప్పాతిక. అది తెర మీద ఎప్పుడూ రాదు. పిల్లలు తెర మీద చూసిందే నేర్చుకుంటారు.

ఇక నీళ్ళు. యూసుఫ్‌గూడలో కృష్ణకాంత్ పార్కు ఉన్న చోట ఒకప్పుడు చెరువుండేదంటే ఇక్కడ పుట్టిన పిల్లలే నమ్మరు. గోల్కొండ కోటకు మంచినీళ్ళిచ్చిందని చెప్పుకునే దుర్గం చెరువు మీద 2020లో తీగల వంతెన వచ్చింది. రాత్రి దీపాలు చూడ్డానికి జనం పోతారు, నీళ్ళ వాసనకు ముక్కు మూసుకుంటారు. 1562లో కట్టిన హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి నాలా ఏం మోసుకొస్తుందో చెప్పక్కర్లేదు. ఈ నీళ్ళలో తట్టుకుని బతికేవి తిలాపియా, నిషేధం ఉన్నా ఎవరో దొంగతనంగా పెంచి వదిలే ఆఫ్రికా మార్పు. అవి పట్టినా ఇంటికి తెచ్చి వండుకోదగ్గవి కావు. బోరబండ అవతల సున్నం చెరువులో 2024లో హైడ్రా అనే సర్కారు సంస్థ ఆక్రమణలు కూల్చి, తర్వాత పూడిక తీసే పని మొదలుపెట్టింది. ఆ చెరువు గట్టున మళ్ళీ ఎవరైనా బెండు వేసి కూర్చునే రోజు రావాలని నేను నిజంగా కోరుకుంటున్నా. కర్రల మీద వేలకు వేలు పోసే కుర్రాళ్ళు ఆ చెరువులోకి మురుగు రాకుండా చూడమని కార్పొరేటర్ ఇంటి ముందు ఒక్కపూట నిలబడితే ఎంత బాగుండును.

ఊరి చెరువులకు పోయేవాళ్ళు ఇంకోటి మరిచిపోతున్నారు. ఆ చెరువులు మత్స్య సహకార సంఘాలవి. ముదిరాజులు, గంగపుత్రులు లీజు కట్టి, పిల్లల్ని పెంచి, కాపలా కాసి, ఏడాదికోసారి వల వేసి బతుకుతారు. కారులో దిగి, ఎవరినీ అడక్కుండా గాలం వేస్తే వాళ్ళు గొడవకు రాక ఏం చేస్తారు? పోయి సంఘం పెద్దమనిషికి నమస్తే పెట్టి, అంతో ఇంతో రుసుం ఇచ్చి, ఏ మూల వేయొచ్చో అడగాలి. అలా అడిగినవాడికే ఆయన చెప్తాడు, తూము దగ్గర ఏముంది, ఈ వారం ఏ ఎర పడుతోంది అని. ఏ దుకాణంలోనూ దొరకని సామాను అది. పోతూ పోతూ తెగిన దారం ముక్కల్ని ఒడ్డున పారెయ్యకుండా జేబులో వేసుకుని రావాలి. సంక్రాంతి పతంగుల టంగూస్ మాంజా పిట్టల గొంతులు కోస్తోందని దాన్ని నిషేధించారు కదా, చెరువు గట్టున వదిలేసిన దారం నీటికోళ్ళ కాళ్ళకు చేసేది అదే పని.

మత్స్యశాఖ వాళ్ళకు నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి చెరువు కట్ట మీద ఒక రేకు బోర్డు పాతండి. ఆ చెరువు ఏ సంఘానిది, అందులో ఏ చేపలు వదిలారు, ఎంత పొడుగుకు తక్కువైతే తిరిగి వదిలేయాలి, గాలానికి రుసుం ఎంత అన్నది రాయించండి. జూన్ నుంచి ఆగస్టు దాకా కొర్రమీను జోలికి, దాని పిల్లల గుంపు జోలికి ఎవరూ పోవద్దని అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో పెట్టండి. తెలుగుతో పాటు ఉర్దూలో కూడా రాయించండి, మా బస్తీ నుంచి ఆదివారం గాలాలు పట్టుకుపోయేవాళ్ళలో ఆ చదువు చదివినవాళ్ళు చాలామంది ఉన్నారు.